ఎమ్ సున్నా

మా కంచె తీగలో కరెంటు
సెకనుకోసారి టక్కుమంటుంది.
గొర్రెకు తెలుసు, కుక్కకు తెలుసు,
ఫోనెత్తితే నాకూ తెలుసు.
వైకాకా లోయలో ఎవరు మాట్లాడినా
మాటకీ మాటకీ మధ్య ఓ టక్కు.
తెలియనిది ఐల్సాకే.
ఐదో ఏట జ్వరం ఆమె చెవుల్ని పట్టుకుపోయింది.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళూ
ఆ ఫోను ఆమెకు గోడకు కొట్టిన మేకు.
దుమ్ము తుడిచేది, అంతే.

తొంభై ఏడు చలికాలంలో మేనల్లుడు లాకీ
డనీడన్ నుంచి పాత కంప్యూటరూ ఫ్లాపీల కట్టా మోసుకొచ్చాడు.
బొమ్మల్లేవు, మౌసు లేదు.
నల్లటి తెర, మూలన ఆరుతూ వెలుగుతూ చిన్న గీత.
"ఇక్కడ రాస్తే వింటుందత్తా" అని
చేతులతో చెప్పాడు, సగం తప్పుగా.

డయలు చేసే ఫైలు తనే రాసుకుంది.
రెండు వరుసలు. ఎడమన, ఏం వచ్చేదాకా ఆగాలో.
కుడిన, వచ్చాక ఏం చెప్పాలో.
పేరడిగితే పేరు. పాస్‌వర్డ్ అడిగితే అది.
బిజీ అంటే మానెయ్.
నలభై ఐదు సెకన్లు చూసి మానెయ్.
"మన కాపురం కూడా ఇంతేగా" అంది నా వైపు తిరిగి.
నేను ఏ వరుసో అడగలేదు.

రాత్రి తొమ్మిదికి ఎంటర్ కొట్టేది.
పెట్టె నంబరు నొక్కుకుని,
ఈల వేసి, గొంతు చించుకుని,
ఇసుకలో రేకుడబ్బా ఈడ్చినట్టు గరగరలాడి
ఊరుకునేది.
కుక్క బల్లకిందికి దూరేది.
ఆమె చెంపకు చెయ్యానించి
దీపాలు ఒక్కొక్కటీ వెలగడం
పొయ్యిమీద పాలను కనిపెట్టినట్టు చూసేది.
చెవిటివాడి ముందు శంఖమన్న పెద్దలు
ఈ శంఖాన్ని ఎరగరు.

అవతల గిస్‌బర్న్‌లో రేవిన్.
ఇద్దరిదీ ఒకే బధిరుల బడి.
చేతులతో మాట్లాడితే స్కేలుతో కొట్టి
చేతులమీద కూర్చోబెట్టేవారట.
ఆ వేళ్ళే ఇప్పుడు రేకు కప్పుమీద వడగళ్ళు.

కానీ లైను తెగేది.
తొమ్మిదీ పన్నెండుకి, తొమ్మిదీ ఇరవైకి,
లాగ్ నిండా నో క్యారియర్, నో క్యారియర్.
వేగం తొమ్మిది వేల ఆరువందలు దాటదు.
తన తప్పేననుకుని ఫైలంతా
అక్షరమక్షరం వెతికింది.
నాకు తెలుసు. టక్కు.
టార్చి తీసుకుని షెడ్డుకెళ్ళి
కంచె స్విచ్చి ఆపొచ్చాను.
ఆ రాత్రి ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు!
ఏం మార్చానో తెలీదు, కుదిరింది,
అని కాగితమ్మీద రాసి నాకు చూపించి
ఫైలుకు రెండు నకళ్ళు తీసి దాచింది.

అప్పట్నుంచి రోజూ తొమ్మిదికి నేను షెడ్డుకి.
గొర్రెలు కూడా గడియారం నేర్చాయి.
ఆ ఏటి టర్నిప్ చేను సగం వాటిదే.

రెండేళ్ళకి, ఓ ముసురు రోజు,
మోడెమ్ పుస్తకం తిరగేస్తూ వేలు పెట్టి ఆగింది.
ఎమ్ సున్నా: స్పీకరు ఆపు.
"దీనికి స్పీకరుందా?"
ఉందన్నాను.
"మోగుతుందా? ఎలా?"
ఎలా చూపించను?
గేటులో ఇరుక్కున్న పొట్టేలైపోయాను,
నోరంతా తెరిచి, కాళ్ళు తన్నుకుంటూ.
నవ్వింది. తరవాత నవ్వలేదు.
"రెండేళ్ళు. రోజూ. చెప్పలేదేం?"

ఈ ఇంట్లో నీ చప్పుళ్ళంటే
గిన్నెవి, తలుపువి, బూట్లవి.
నువ్వు గొంతెత్తి ఒకర్ని పిలిచినట్టు
ఆ పెట్టె అరిచినప్పుడే అనిపించేది.
ఇది చెప్పడానికి నా చేతుల్లో అన్ని మాటల్లేవు.
"అలవాటైపోయింది" అన్నాను.

ఎమ్ సున్నా చేర్చి ఫైలు మూసింది.
తొమ్మిది. ఎంటర్.
దీపాలు పాలలా పొంగాయి.
చప్పుడు లేదు. కుక్క తలెత్తి
నన్నూ పెట్టెనీ మార్చి మార్చి చూసింది.
నేనూ అలాగే చూశానేమో.
ఐల్సా అది గమనించింది, ఏమీ అనలేదు.

నాలుగో రాత్రి షెడ్డులో స్విచ్చి మీద చెయ్యుండగా
వానలోంచి, ఇంత దూరానికి,
ఈల, కేక, గరగర.
పరుగున వెళ్ళి చూద్దును కదా,
ఎమ్ సున్నా ఉన్నచోట ఎల్ మూడు.
పుస్తకంలో వెతికాను: స్పీకరు, అన్నిటికన్నా గట్టిగా.

కంచె సంగతి ఇంకా చెప్పలేదు.
బయట గొర్రెలు, కేక విని,
చేనువైపు కదులుతున్నాయి.