వాలు

కాశింపీరా కుడిచేతికి చూపుడువేలు లేదు.
మార్కాపురంలో పలకలు కోసే మిషను దగ్గర పోయింది.
స్కేలు పెట్టినట్టు తిన్నగా కోసిందబ్బా, అంటాడు
ఆ మిషనంటే ఇంకా గౌరవం ఉన్నట్టు.
తర్వాత కుంచె పట్టాడు,
బొటనవేలికీ నడిమివేలికీ నడుమ.
అందుకే అతని అక్షరం నిటారుగా నిలబడదు,
పిట్టగోడ మీదుగా వంగి
"ఏం కూరక్కా?" అని అడిగే మనిషి మాదిరి
కుడికి వాలుతుంది.

ఆ వాలు కొలిచాను. తొమ్మిది డిగ్రీలు.
తొమ్మిది వేళ్లకి తొమ్మిది డిగ్రీలు అంటే
"నీ లెక్కలు నీయి" అని టీ ఊదుకున్నాడు.

కొసల గుండ్రం మాత్రం కుంచె ఇచ్చింది కాదు,
బలపం ఇచ్చింది.
కొత్త బలపం గీరుతుంది. సగం అరిగింది రాస్తుంది.
ఒకటో తరగతిలో చప్పరించిన ముక్కంత మొద్దుగా
ప్రతి గీత చివరా అరగదీశాను కంప్యూటర్లో.
సన్నం లావు తేడాలు తీసేశాను.
తలకట్టుకున్న ముల్లు విరిచేశాను.

కష్టమంతా ఒత్తుల దగ్గర.
పైఅక్షరం ముందుకి వంగితే
కిందది కాళ్లకి అడ్డం పడుతుంది.
"అమ్మ" కింద మ ఒత్తుని ఎన్నిసార్లు ఎడమకి జరిపానో.
"స్త్రీ" రెండు వారాలు నిలబడలేదు.
చిన్న సైజులో ఘ కడుపు పూడిపోయేది,
ఠ చుక్క గోడకి అంటుకునేది.

వాలు అని పేరు పెట్టి ఊరికే ఇచ్చేశాను.
ముందు బాదంపాల బండి మీదికెక్కింది,
తర్వాత తర్లుపాడు రోడ్డులో పిల్లల డాక్టరు చీటీ మీదికి,
పొదిలి బస్టాండులో దోసెల పట్టిక,
ఒక ఓణీల ఫంక్షను ఫ్లెక్సీ.
చీటీపాటల శేషారత్నం బాకీ నోటీసులు కూడా అందులోనే కొట్టించింది.
ముద్దుగా ఉన్నాయన్నారంట,
ఒక్కరూ కట్టలేదంట.
నవ్వుకున్నాను అప్పుడు.

కనిగిరి అవతల ఒక ఊళ్లో
బోరింగుకి కట్టిన రేకు:
ఈ నీళ్లు తాగరాదు. ఫ్లోరైడు ఉన్నది.
నా అక్షరాలే.
ఒక పిల్లోడు ఆ రేకుకే బడిసంచీ తగిలించి
కొట్టుకుంటా తాగుతున్నాడు.
"చదవలేదా?"
"చదివినా. ఊరికే అంటుండాదిలే" అన్నాడు.
నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు.

బస్సులో కిటికీ పక్కన కూర్చొని
పొదిలిదాకా ఎవరికీ ఫోను చెయ్యలేకపోయాను.

కాశింపీరా ఎర్రరంగు డబ్బాతో వచ్చాడు.
"నా చేతికి నిటారు రాదు, నీకు తెలుసుగా" అని
కొత్త రేకుని నా చేతుల్లో పెట్టి
కుడికి వంచి పట్టుకోమన్నాడు.
ఇంకొంచెం. ఆ, అట్టనే కదలబాక.
భుజాలు గుంజుతున్నాయి.
అతను ఎప్పుడూ రాసినట్టే రాశాడు.
రేకుని తిన్నగా నిలబెడితే
ప్రతి అక్షరం కర్రలా నిలబడింది.

తాగరాదులో చివరి దు,
దాని కొమ్ము కొస మాత్రం గుండ్రంగానే వచ్చింది.
నడిమివేలితో తుడవబోయాడు.
ఉండనీ అన్నాను.