మూడు మిల్లీమీటర్లు

మనుషులు నా దగ్గరికి రారు.
వాళ్ళ నోళ్ళు వస్తాయి,
తెల్లటి ప్లాస్టర్‌లో పోతపోసి, కొరియర్ డబ్బాలో.
పదహారేళ్ళుగా కొరున్యా రేవు వెనక వీధిలో
మాట్లాడని దవడలతోనే నా ఉద్యోగం.

మార్చిలో వచ్చిన దవడ అడుగున పెన్సిలుతో రాసుంది:
దొసిందా లామాస్, అరవై ఒకటి, మల్పీకా.
వలలు బాగుచేస్తుంది.

పళ్ళు అనడానికి లేదు.
ముందువి బియ్యపు నూకలు.
వెనకవి గంట్లు అరిగిపోయిన తిరగలి రాళ్ళు.
ఎడమ కోరపన్నులో మాత్రం సన్నటి గాడి,
నా బ్లేడు అంచు అందులో సరిగ్గా దిగింది.
నలభై నాలుగేళ్ళ నైలాను దారం
అక్కడే తెగుతూ వచ్చింది.

మిగతా అరుగుదల దారానిది కాదు,
రాత్రిది.
ఫోన్లో డాక్టర్ లోరీదో చెప్పాడు:
సముద్రం మీదికెళ్ళిన మొగుడి కోసం కొన్నేళ్ళు నూరింది,
తర్వాత కొడుకు కోసం.
ఇప్పుడిద్దరూ ఒడ్డునే ఉన్నారు.
దవడకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ముక్కుకీ గడ్డానికీ మధ్య ముఖం కుంగిపోయింది.
మూడు మిల్లీమీటర్లు పైకెత్తాలి,
ఇరవై ఎనిమిది పళ్ళూ ఒకేసారి.
నోరు వెంట్రుకవాసి తేడాకే గొడవపెట్టే చోటు,
చిప్పల కూరలో ఒక్క ఇసుక రేణువు తగిలితే
భోజనం అక్కడితో సరి.
అలాంటి చోట మూడు మిల్లీమీటర్లంటే
ఇంటికి కొత్త అంతస్తు,
లోపల జనం కాపురముండగానే.

ముందు ప్లాస్టిక్‌వి పెట్టారు, అలవాటు కోసం.
మొదటి వారం ప్రతి 'స'కీ ఈల వేసిందట.
రొట్టె కొరికితే
పక్కింటావిడ నోటితో తింటున్నట్టుందట.

అసలైనవి ఎలా ఉండేవో తెలియాలి,
పాత ఫోటో ఏదైనా ఇవ్వమన్నాం.
తనవన్నీ మూసిన పెదాలే.
పెళ్ళి ఫోటోలో కూడా నోటికి చెయ్యి అడ్డం.
చివరికొకటి పంపింది:
రేవు మెట్ల మీద పగలబడి నవ్వుతున్న అమ్మాయి,
గాలికి జుట్టంతా ఒక పక్కకి.
వెనకాల కొత్త సిరాతో రాసింది:
ఇది నేను కాదు, మా అక్క ఒలీవా.
నాకంటే పద్నాలుగు నెలలు పెద్ద.
పంతొమ్మిదో ఏట పోయింది.
మీ ఇద్దరిదీ ఒకటే నోరనేది అమ్మ.

భూతద్దం కింద ఆ నవ్వుని మూడు రోజులు చదివాను.
కుడివైపు పక్కపన్ను కొంచెం వంకర,
ముందుపన్ను భుజం మీద తల వాల్చినట్టు.
మా చదువు ప్రకారం తిన్నగా నిలబెట్టాలి.
మైనం వేడిచేసి
వంకరగానే వాల్చాను.

రంగు సరిచూడ్డానికి ఆ రోజు నేనే వెళ్ళాను.
దవడకి కళ్ళుండడం
మొదటిసారి చూశాను.

ఆమె అద్దం తీసుకుంది. నవ్వలేదు.
నాలుక వెళ్ళి ఆ వంకర పన్ను దగ్గర
చాలాసేపు ఉండిపోయింది,
చెంప లోపల కదలిక నాకు కనిపిస్తూనే ఉంది.
డాక్టరు గ్లవ్స్ తీసి, మళ్ళీ తొడుక్కున్నాడు.

అప్పుడడిగింది:
"దీంతో దారం తెగుతుందా?"

"పింగాణీ అమ్మా. పగులుతుంది. కత్తెర వాడండి."

"కత్తెరకి చెయ్యి కావాలి.
నావి రెండూ వలలో ఉంటాయి."

మేమిద్దరం కిటికీకేసి చూశాం.

నవంబరులో ఆమె రాత్రి తొడుగు
బాగుచేతకి వచ్చింది.
నూరిన మచ్చలు వెతుకుదామని దీపం కింద పెట్టాను.
తక్కువే. చాలా తక్కువ.
ఎడమ కోరపన్ను చోట మాత్రం
సన్నటి గాడి, కొత్తది,
అందులో ఇరుక్కుని ఆకుపచ్చ నైలాను నూగు.

పగలు పెట్టుకుంటోందన్నమాట,
వల ముందు కూర్చున్నప్పుడు,
అక్క పళ్ళకి దెబ్బ తగలకుండా.

చీటీలో డాక్టరు రాశాడు: అంతా నున్నగా చేసి పంపు.
చేశాను.
గాడి దాకా వచ్చి
చక్రం ఆపి
కాఫీ పెట్టుకోవడానికి లేచాను.