పని స్వభావం

అనుభవం ఉందా అని అడిగారు మొదటిచోట.
రెండోచోట అడగలేదు.
దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉండటం చూసి
మంచినీళ్ళిప్పించి పంపేశారు.
అందుకొచ్చానిక్కడికి.
సేవ చెయ్యాలని కాదు, అబద్ధమెందుకు.

పూర్ణా మార్కెట్ వెనకసందు,
గొడుగులు బాగుచేసే కొట్టు పైన ఒక గది.
ఒక ఫ్యాను, మూడున్నర కాళ్ళ బల్ల,
ఆ అరకాలు కింద ఏనాటిదో పంచాంగం.
'ఉచిత సలహా' అని బోర్డు రాయించారట.
ఉప్పుగాలికి 'ఉచిత' రాలిపోయి
సలహా ఒక్కటే మిగిలింది.

భానోజీ గారు తపాలాఫీసులో ముప్పైమూడేళ్ళు ముద్రలు కొట్టారు.
ఇప్పటికీ మాట చివర బల్ల మీద ఒక గుద్దు.
మొదటిరోజు నాకు చెప్పిందొక్కటే:
"నీ కుర్చీ వాళ్ళ పక్కకి జరుపు.
బల్ల మధ్యలో ఉంటే నువ్వూ ఒక ఆఫీసే అనుకుంటారు."
నవ్వాను. జరపలేదు.

వచ్చేవాళ్ళు వచ్చేవారు.
కాంట్రాక్టరు పీఎఫ్ కట్టాడో మింగాడో తెలీని పోర్టు కూలీ ఎల్లాజీ,
గది ఖాళీ చేసినా అడ్వాన్సు తిరిగిరాని నర్సింగ్ పిల్ల,
అడగడానికేమీ లేక
ఫ్యాను కింద ఒక గంట కూర్చుని
"మరి ఎల్లొస్తాను" అనే ముసలాయన.
ఆయన పేరు కూడా రిజిస్టర్లో రాయమనేవారు భానోజీ గారు.
సమస్య అన్నచోట ఏం రాయను?
"గీత పెట్టు."

శ్రావణంలో, వానలో, వచ్చింది తెడ్డు పరసమ్మ
పెదజాలరిపేట నుంచి.
ఆధార్‌లో పరసమ్మ, బ్యాంకులో పార్శమ్మ,
ఆ ఇద్దరి మధ్య మునిగిపోయిన మూడు నెలల పింఛను.
నాకు తెలుసనుకున్నాను.
లా పరీక్షలో డెబ్బైరెండు మార్కులు కదా.
కలెక్టరాఫీసుకెళ్ళి అఫిడవిట్ ఇమ్మన్నాను.
ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి
గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను.
ఆమె కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నాక గాని
నాకు తట్టలేదు.

ఐదు రోజులు తిరిగింది.
ఐదు తట్టల చేప అమ్మకుండా.
వెళ్ళాల్సింది వాళ్ళ వీధి చివరున్న సచివాలయానికి.
నేను రాసిచ్చిన కాగితం చూసి
భానోజీ గారు బల్ల గుద్దలేదు.
అందుకే భయమేసింది.

తప్పు నాదేనమ్మా అన్నాను, ఆమె మళ్ళీ వచ్చినరోజు.
నా గొంతు కింద కొట్టులో సుత్తి చప్పుడుకన్నా చిన్నది.
"ఏటమ్మీ, అలాగైపోనావు.
సేప పాడైందో నేదో కన్ను సూసి సెప్పడానికి
నాకేడేళ్ళు పట్టింది.
అన్నాళ్ళూ పాడైందే మంచిదని అమ్మీసినాను.
తిన్నోలు తిట్టినారు. మల్లీ నా కాడికే వొచ్చినారు."
తట్ట దించి, కొంగు పిండుకుని,
కాసేపాగి అంది:
"అందరూ రానేదునే."

ఆమెతో బస్సెక్కాను.
సచివాలయంలో పది నిమిషాల పని.
ఆ పది నిమిషాలూ నిలబడే ఉంది,
కుర్చీ తడిసిపోతుందని.

ఆరునెలలయ్యాయి.
సర్టిఫికెట్ అడిగితే భానోజీ గారు తెల్లకాగితం నా ముందుకు తోశారు.
"నువ్వే రాసుకో. ముద్ర నేను కొడతాను."
పేరు రాశాను. కాలం రాశాను.
పని స్వభావం అన్నచోట 'న్యాయ సలహా' అని రాసి కొట్టేశాను.
'కుర్చీ జరపడం' అని రాస్తే
సీతమ్మధారలో రేపటి ఇంటర్వ్యూవాళ్ళు ఏమంటారు?
గీత పెడదామనుకున్నాను. పెట్టలేదు.

ఆయన ముద్ర పట్టుకుని, సిరా ఆరిపోకుండా
నోటితో ఆవిరి ఊదుతున్నారు.
కింద కొట్టులో ఎవరిదో బేరం:
"విరిగింది ఒక్క ఊచయ్యా,
మొత్తం గొడుగు ధర సెప్తావేటి?"