సొన అంటిన పేజీలు

గేటు కాడినుంచి మామిడి ట్రాక్టర్ల వరస
తవణంపల్లె రోడ్డు మలుపు దాకా ఉండాది.
మా టోకెను నూట ముప్పై ఏడు.
ఇది మూడో రాత్రి.
అడుగు కాయ చెమ్మపట్టి
టార్పాలిన్ కింద పులిసిన వాసన.

అట్ట లేని పుస్తకం మునెప్పది.
చక్కెర ఫ్యాక్టరీ మూతబడినప్పుడు
జీతం బాకీ రాలేదు గానీ
సంఘం బీరువాలోంచి ఇది చేతికొచ్చిందంట.
అంచుల్లో పెన్సిలు లెక్కలు:
టన్ను చెరుకు, బస్తా చక్కెర, రోజు కూలి,
మిగిలినదాని పక్కన ఒక ప్రశ్న గుర్తు,
కాగితం చిరిగేంత గట్టిగా.

నేను బీకాం. చదివేది నేనే,
సెల్లు లైటు పట్టేది గుణశేఖరన్న.
పుస్తకం నిండా ఇనుమూ గోధుమలూ.
"మనకు గోధుమలెందుకు మే, కాయ పెట్టి చెప్పు" అన్నాడు.
పెట్టినాను.
కోసినోళ్ళు, మోసినోళ్ళు,
లోపల తొడిమలు తీసే కుప్పమ్మ పిన్ని,
ఆమె చేతుల మీద సొన కాలిన మచ్చలు,
అందరి పొద్దూ గుజ్జయి డ్రమ్ముల్లో సీలు పడి
ఓడెక్కిపోతుంది.
డ్రమ్ము మీద మా పేర్లుండవు.
గడువు తేదీ ఉంటుంది.

"సరే, మరి నేనెవురు?
రెండెకరాల తోట నాది.
కోతకు కూలోళ్ళను పెట్టింది నేనే.
మొన్న వాళ్ళకు తలా యాభై తగ్గించిందీ నేనే.
నీ పుస్తకంలో నేను ఏ పక్క?"
పేజీ వెతుకుతున్నట్టు నటించినాను.
మునెప్ప దగ్గినాడు. చాలాసేపు.

పదకొండింటికి సెల్లు మోగింది.
గ్రూపులో కొత్త రేటు, కిలోకి రూపాయి తక్కువ.
ఎవురు తగ్గించినారు?
వాచ్‌మెన్ మేనేజరంటాడు,
మేనేజరు ఎగుమతి ఆఫీసంటాడు,
ఆ ఆఫీసు యాడో గోడౌను నిండిపోయిందంటుంది,
గోడౌనుకు నోరు లేదు.
పట్టుకుందామంటే
ఈ రేటుకు చొక్కా కాలరు లేదు.

నూటేభై ఏండ్ల నాటి మాటలు.
దాంట్లో సెల్లు లేదు, టోకెను లేదు.
అయినా ఒక చోట దొరికింది:
సరుకూ సరుకూ బేరమాడుకున్నట్టే అగుపిస్తాయి గానీ
వెనకాల ఉండేది మనుషులేనంట.
"ఒకడి అడ్రసన్నా రాసుండాల్సింది" అన్నాడు గుణశేఖరన్న.

ఆ తర్వాతి రెండు పేజీలూ
ఎప్పటిదో కాయసొన పడి అంటుకోనుండాయి.
లాగితే అక్షరాలు ఊడొస్తాయి.
ముప్పై ఏండ్లుగా మునెప్ప
వాటిని దాటుకునే చదివినాడంట.
తెల్లారి పిన్ని టీ కాసేటప్పుడు
ఆవిరి పట్టి చూడాల.

ముందర ఇంజను స్టార్టయింది.
పడుకున్నోళ్ళు లేచినారు.
ఒక బండి పొడుగు జరిగినాం.