లోపలి అంగుళం

బ్యాంకు కౌంటరు పిల్లోడు తెరను నా వైపు తిప్పలేదు.
నాలుగు వందల పదకొండు అన్నాడు,
జ్వరం చూసి చెప్పినట్టు.
తొమ్మిది వందలకంట.
మా ఊరి బళ్లో అయితే పాసే,
నవ్వబోయి ఊరుకున్నా.

ఐదేండ్ల కిందట ఈ అజ్మాన్‌లోనే మాకొక కుట్టుషాపు.
బోర్డు మీద ఇద్దరి పేర్లు,
కాగితాల మీద నా ఒక్కదాని సంతకం.
హేమలత ఎండాకాలం సెలవులకని పోయింది,
మిషన్ల కిస్తీలు మాత్రం యాడికీ పోలేదు.
చెక్కులు ఒకదానెంట ఒకటి వెనక్కొచ్చినాయి
కొలత తప్పిన జాకెట్ల మాదిరి.
జాకెట్టయితే విప్పి మళ్లీ కుడతా.
సంతకాన్ని ఏ పక్క నుంచి విప్పాలో
ఇప్పటికీ తెలీదు.

నలభై మూడేండ్లకు యూనివర్సిటీలో చేరినా.
సాయంత్రం తరగతులు, అకౌంట్స్.
ఈ వయసులో ఎందుకే అని మదనపల్లె నుంచి అక్క.
నన్ను ముంచిన పుస్తకమేదో
ఈసారన్నా చదివి మునుగుదామని, అన్నా.

హాజరు పిలిచే పిల్ల "ఒబ్ ఉల్ అమ్మా" అంటుంది,
అదేదో అరబ్బీ పేరైనట్టు.
ఓబులమ్మ అని దిద్దడం రెండో వారానికే మానేసినా.
ఒక్కో సబ్జెక్టుకు మూడు క్రెడిట్లంట ఇక్కడ.
రోడ్డుకు ఆ పక్క బ్యాంకులో నీకు క్రెడిట్ లేదు పొమ్మంటారు,
ఈ పక్క ఫీజు కట్టించుకుని అదే మాట అమ్ముతారు.
మా నాయన దాన్ని పరపతి అనేవాడు.
ఎరువుల సొసైటీలో ఆయనకది ఉండె,
పాసుపుస్తకంలో కాదు,
ఆయన గడప దాటంగానే
గుమస్తా కుర్చీ జరపడంలో.

నా పద్దంతా నోటుబుక్కు వెనక పేజీల్లో.
జీతం రెండు వేల ఎనిమిది వందలు,
వేరేవాళ్ల షాపు, వేరేవాళ్ల కత్తెర.
మంచానికి ఆరు వందల యాభై.
పాత చెక్కుల కింద ఏడు వందలు, ఇంకా ఇరవై రెండు నెలలు.
మెత్తబడిన టమేటాలు సగం ధరకు,
ఊరిబిండికి అవే మేలు.
కాలేజీకి నడక. ఆగస్టులోనూ నడకే.
పుస్తకం కొనలే, పదకొండో పాఠం దాకా జిరాక్సు.
పక్క సీటు పిల్ల కాఫీ ఇరవై రెండు దిర్హములు,
సగం తాగి వదిలేస్తుంది.
చూడను.
చూస్తా.

ఎవరి బట్టయినా లోపల అంగుళం మడిచి కుడతా,
రేపు ఒళ్లొస్తే విప్పుకోవాల కదా.
డబ్బు దగ్గర ఆ అంగుళం
నేనెప్పుడూ వదల్లేదు.
ఇప్పుడు నెలకు ముప్పై, గుండీల డబ్బాలో.
నవ్వండి.

ఫీజు మూడు వేల ఆరు వందలు, బుధవారం ఆఖరు.
వాయిదాల్లో కావాలంటే ముందు తేదీల చెక్కులియ్యాలంట.
నాకు చెక్కుబుక్కు ఇచ్చేదెవరు?

మా ఫ్లాటులో ఎనిమిది మంచాలు, నెలకు తలా ఐదు వందలు.
నాకది చీటీ, కుసుమకు సీట్టు,
లిసియమ్మకు కురి, రోవెనాకు పలువాగన్.
అందరికీ కలిపి ఒకటే బిస్కెట్ల డబ్బా.
శుక్రవారం రాత్రి పాట.
రోవెనా తమ్ముడి పడవకు ఇంజను కావాలని తెలుసు,
లిసియమ్మ పన్ను పీకించుకోవాలనీ తెలుసు,
తెలిసే అన్నా, నాలుగు వందలు వదులుకుంటానని.
ఎవరన్నా ఐదొందలంటే అయిపాయె.
ఫ్యాను తిరుగుతా ఉండె.
లిసియమ్మ చెంప పట్టుకుని గోడ చూసింది.
రోవెనా గోళ్లు చూసుకుంది.
ఎవరూ పాట పెంచలేదు.
కుసుమ రెండుసార్లు లెక్కబెట్టి చేతిలో పెడితే
అలవాటు కొద్దీ పెన్ను తీసినా.
దేనికి, అనింది.

ఈ వారం పాఠం రాని బాకీలు.
వాటిని ఖర్చు కింద రాసి
లెక్క మూసేయాలంటాడు సారు.
జిరాక్సు అంచున హేమలత అని రాసినా,
కాసేపుండి కొట్టేసినా.
వచ్చేటప్పుడు లిసియమ్మకు లవంగ నూనె,
ఏడు దిర్హములు, గుండీల డబ్బాలోంచి.
ఎడమ వైపు రాయాల్నా, కుడి వైపా,
సారును అడగాల.