అల్లూరు సెంటర్లో ఆకురాలు కాలం

ఆఫీసు నుంచి ఫోనుకి మెసేజీ:
ఆకురాలు కాలం. ఎర్రాకులు, పసుపాకులు
పిల్లల చేత చేయించి ఫోటో పెట్టవలెను.

కిటికీలోంచి చూశాను.
మూడ్రోజులుగా ముసురు.
నారుమడి పచ్చదనం కళ్ళల్లో గుచ్చుకుంటోంది.
మా వైపు ఆకు రాలేది శివరాత్రికి ముందు.
కార్తీకంలో రాలేదల్లా వానే.

సరే, ఉన్నదేదో ముందేసుకున్నా:
పోయినేటి క్యాలెండరు, రొయ్యల మేత బిల్లులు,
మా వదిన కూతురి పెళ్ళిపత్రిక, ఎర్రది, ఒక్కటే.
జిగురు లేదు, అన్నం మెతుకులు మెదిపాను.

చెయ్యి పరిచి చుట్టూ గీస్తే అదే ఆకు.
నాగూర్‌బీ చెయ్యి కుదురుగా ఉండదు,
దాని ఆకుకి ఏడు వేళ్ళు.
పెంచల్ ప్రసాదు సగం జిగురు తినేశాడు.
కామాక్షి మాత్రం మొండికేసి
అన్నిటికీ పచ్చరంగే పూసింది.
"మా నాయన మళ్ళో ఇట్టానే ఉంటై టీచర్."
నేను దిద్దలేదు.

గోడ నిండా అతికించి, ఫోటో పంపి,
తాళమేసుకుని వచ్చేశా.

తెల్లారి తలుపు తీస్తే గోడ బోసిగా ఉంది.
రాత్రంతా చీమలు బారులు కట్టి
మెతుకు మెతుకూ మోసుకుపోయినట్టున్నాయి.
నేలంతా ఆకులు.
కొన్నిటి మీద తేదీలు, కొన్నిటి మీద బాకీలు.

"రాలినై టీచర్! రాలినై!"
పిలకాయలు ఒకటే గంతులు.

చేతిలోకి తీసుకున్న చీపురు
మళ్ళీ మూలకి ఆనించాను.
ఏడు వేళ్ళ ఆకు మీద
ఒక చీమ ఇంకా వెతుక్కుంటోంది.