పెరిగేందుకు వదిలిన గుడ్డ

హలసూరు బజారు వీధిలో నాకు
ఒక మోటారు మిషను, ఒక నిలువుటద్దం,
మెడలో ఎప్పుడూ వేలాడే టేపు.
స్కూలు యూనిఫారాలు కుడతాను.
ఏ తల్లి వచ్చినా మొదట అడిగేది ఒకటే:
"కాస్త పెరిగేందుకు వదలండక్కా."
రెండంగుళాలు లోపలికి మడిచి దాస్తాను.
మళ్ళీ జూన్‌లో విప్పితే
వెలిసిన నీలం కింద వెలవని నీలం గీత.
ఏడాది ఎంత పొడుగో అక్కడ కనిపిస్తుంది.

మేదినికి తొమ్మిదేళ్ళు.
చర్చి హాలు కిటికీ కింద నిలబడి విని వచ్చి
గిటారు కావాలంది. మామూలుది కాదు, వైరుది.
"కరెంటు బిల్లు నువ్వే కట్టు" అన్నాడు వాళ్ళ నాన్న.
దాని కళ్ళల్లోకి చూశాక నవ్వడం ఆపేశాడు.
నేను చీటీ ఎత్తాను.

బ్రిగేడ్ రోడ్డు దాటాక సందులో, మెట్ల పైన
డెస్మండ్ గారి కొట్టు.
ఆయనకు నాలుగు భాషలొచ్చు,
బేరం మాత్రం ఏ భాషలోనూ అర్థం కాదు.
గోడ నిండా గిటార్లు,
కుట్టి, ఇస్త్రీ చేసి, ఎవరూ తీసుకుపోని
పెళ్ళికొడుకుల కోట్లలాగా.

"పెద్దదే ఇవ్వండి. ఎదిగే పిల్ల కదా."
చెప్పులు కొన్నా మా ఇంట్లో అంతే,
వేళ్ళ ముందు దూది కుక్కి.
నేను అక్క చెప్పుల్లోనే బడికి పోయాను.
నడిచానో, ఈడ్చుకుంటూ పోయానో,
ఇవాళ్టికీ నా అడుగుల చప్పుడు అక్కదే అంటారు.

ఆయన ఏమీ అనలేదు.
ముక్కాలి పీట జరిపి, పిల్లను కూర్చోబెట్టి,
పెద్ద గిటారు ఒళ్ళో పెట్టాడు.
ఎడమ చెయ్యి మెడ చివర వెతుక్కుంటూ పోయింది.
మోచెయ్యి బద్దలా నిటారుగా అయింది.
భుజం లేచి చెవి దాకా వచ్చింది.
"బాగుందమ్మా" అంది.

ఆ "బాగుంది" నాకు తెలుసు.
చంకలో పట్టేసి చెయ్యెత్తలేని పిల్లలు
అద్దం ముందు, అమ్మ ముందు అనేది అదే.
నడుము సర్దొచ్చు, పొడవు సర్దొచ్చు,
భుజం తప్పితే గుడ్డ తప్పినట్టే అని
మా మేస్త్రి రోజుకోసారి తిట్టేవాడు.

మెడలోంచి టేపు తీశాను.
గిటారు: ముప్పై తొమ్మిది.
పిల్ల, భుజం నుంచి వేలి కొస దాకా: ఇరవై రెండు.
డెస్మండ్ గారు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.
కొలిచి కొన్నవాళ్ళను చూళ్ళేదట.

అప్పుడు లోపలి గదిలోంచి ఎర్రది తెచ్చాడు.
ముప్పావు సైజు.
ముప్పావు చేతుల జాకెట్లు వెయ్యి కుట్టి ఉంటాను,
ముప్పావు అంటే తక్కువని
ఒక్కరూ అనలేదు, నేనెందుకు అనుకున్నాను?
వెనక సగం చిరిగిన క్రికెట్ స్టిక్కరు,
గోటితో గీకిన ఆరన్ అనే పేరు.
ఒళ్ళో పెట్టగానే మోచెయ్యి వంగింది,
భుజం దిగింది.
ఈసారి పిల్ల ఏమీ అనలేదు.
నా వైపు చూడనేలేదు.

"రెండేళ్ళకు చిన్నదైపోతుంది కదండీ?"
"అప్పుడు తెచ్చెయ్యండి, సగం ధరకు తీసుకుంటా.
ఇప్పటికి ముగ్గురికి చిన్నదైంది ఇది."

నాలుగున్నర వేలు.
స్పీకరు డబ్బాకు డబ్బు చాలలేదు.
"వచ్చే నెల" అన్నాను, "సరే" అంది,
బస్సులో గిటారుకు కిటికీ పక్క సీటిచ్చి
తను నిలబడింది.

పట్టీ మాత్రం నేనే కుట్టాను,
మిగిలిన యూనిఫారం నీలంతో.
ఆరంగుళాలు లోపల మడిచాను.
ఎక్కడో ఒకచోట వదలకపోతే
నా చెయ్యి ఊరుకోదు.

వైరు లేని ఎలక్ట్రిక్ గిటారు
గాజు గ్లాసులో చెంచా తగిలినంతే మోగుతుంది.
మిషను తిరిగితే అదీ వినపడదు.
గడప దగ్గర కూర్చుని ఒకే తీగను
మళ్ళీ మళ్ళీ లాగుతోంది మేదిని.
రేపటికి ఇవ్వాల్సిన ఎనిమిది నిక్కర్లు బల్ల మీద.

పెడల్ మీంచి కాలు తీశాను.